అద్దె ఇంటికి కౌన్సిల్ టాక్స్ బ్యాండ్ ఎక్కువ పడిందనిపిస్తే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మూడు బెడ్‌రూమ్‌ల సెమీ డిటాచ్డ్ ఇంట్లోకి అద్దెకు దిగి నాలుగు నెలలు దాటింది. కౌన్సిల్ టాక్స్ (స్థానిక కౌన్సిల్ వసూలు చేసే ఇంటి పన్ను) బిల్లు బ్యాండ్ డి కింద వస్తోంది. బ్యాండ్ అంటే ఇంటి విలువని బట్టి వేసే పన్ను తరగతి. గోడ కలిసిన పక్కిల్లు చూడటానికి అచ్చం మీ ఇంటిలాగే ఉంది, దానికి మాత్రం బ్యాండ్ సి. లెటింగ్ ఏజెంట్‌ని అడిగితే "అది ఓనర్లు చూసుకునే వ్యవహారం, అద్దెకున్నవాళ్లకి సంబంధం లేదు" అన్నాడు. ల్యాండ్‌లార్డ్ "ఎందుకండీ కదిలించడం" అన్నాడు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నారు కాబట్టి ఇలాంటివి పెట్టుకుంటే రేపు ఐఎల్ఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, అడ్డొస్తుందేమోనని మీవారి టెన్షన్.

ముందు సూటిగా సమాధానం చెప్పేస్తాను. ఏజెంట్ చెప్పింది తప్పు. కౌన్సిల్ టాక్స్ కట్టాల్సిన బాధ్యత ఎవరి మీద ఉందో, బ్యాండ్‌ని సవాలు చేసే హక్కు కూడా వాళ్లకి ఉంటుంది. ఇల్లు సొంతమా, అద్దెదా అని ఎవరూ అడగరు. ల్యాండ్‌లార్డ్ అనుమతి అక్కర్లేదు. వీసాకి దీనితో ఏ సంబంధమూ లేదు. కానీ మీ చేతిలో సమయం తక్కువగా ఉంది, రెండు నెలలు కూడా లేదు. అది ఎందుకో కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క విషయం తెలియక మనవాళ్లు చాలామంది మంచి కేసులు పోగొట్టుకుంటున్నారు. నేను ఒక కౌన్సిల్ రెవెన్యూ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు వీకెండ్స్‌లో మనవాళ్లకి ఇలాంటి కాగితాల విషయంలో సాయం చేస్తుంటాను. ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

మన దగ్గర ఇంటి పన్ను ఓనర్ కడతాడు. హైదరాబాద్‌లో అయినా విజయవాడలో అయినా మున్సిపాలిటీ నోటీసు ఓనర్ పేరు మీదే వస్తుంది, అద్దెకున్నవాళ్లకి ఆ కాగితం కంటపడటం కూడా అరుదు. ఆ అలవాటుతోనే ఇక్కడికొచ్చాక కూడా, బిల్లు మన పేరు మీద వస్తున్నా, మన ఖాతాలోంచే డబ్బు పోతున్నా, ఆ పన్ను గురించి మాట్లాడే అర్హత మనకి లేదని అనుకుంటాం. ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు. 1992లో వచ్చిన చట్టం ప్రకారం, 1993 ఏప్రిల్ 1 నుంచి, పన్ను ప్రధానంగా ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారో వాళ్ల మీద పడుతుంది. ఓనర్ వేరేచోట ఉంటూ ఇల్లు మొత్తం మీకు అద్దెకిచ్చాడంటే కట్టాల్సింది మీరే. బాధ్యత మీదైనప్పుడు హక్కూ మీదే.

దీనికి ముఖ్యమైన మినహాయింపు రూములవారీగా అద్దెకిచ్చే ఇళ్లు, అంటే హెచ్ఎంఓలు. ఒక్కొక్కరు ఒక్కో రూము అద్దెకు తీసుకుని కిచెన్, బాత్రూమ్ పంచుకుంటున్న ఇంట్లో పన్ను కట్టాల్సింది ల్యాండ్‌లార్డే. ఒకప్పుడు ఇలాంటి ఇళ్లలో ఒక్కో రూముకీ విడిగా బ్యాండ్ వేసిన సందర్భాలుండేవి. 2023 డిసెంబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో హెచ్ఎంఓ అంతటికీ ఒకే బ్యాండ్, కట్టేది ఓనర్. కాబట్టి మీ స్నేహితుల్లో ఎవరైనా షేరింగ్ రూములో ఉంటూ తన పేరు మీద విడిగా బిల్లు వస్తోందంటే, అది బ్యాండ్ సమస్య కాదు. బిల్లు అసలు తనకి రావాలా అని ముందు అడగాలి.

ఇక సమయం తక్కువగా ఉందని ఎందుకన్నానో, ఆ ఆరు నెలల గడువు సంగతి.

బ్యాండ్‌ని ప్రశ్నించడానికి రెండు దారులున్నాయి. మొదటిది ప్రపోజల్. ఇది చట్టం ఇచ్చిన హక్కు. మీరు దరఖాస్తు పెడితే బ్యాండ్లు వేసే వాల్యుయేషన్ ఆఫీస్, అంటే అందరూ వీఓఏ అనేది, తప్పనిసరిగా దాన్ని పరిశీలించి లిఖితపూర్వకంగా నిర్ణయం చెప్పాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే స్వతంత్రంగా ఉండే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కి అప్పీల్ చేసుకోవచ్చు. రెండోది బ్యాండ్ రివ్యూ. ఇందులో బ్యాండ్ తప్పని చూపించే గట్టి ఆధారాలు మీరే మొదట్లోనే ఇవ్వాలి. వాళ్లు చూసి కాదంటే, ఆ నిర్ణయం మీద ట్రిబ్యునల్‌కి వెళ్లే హక్కు ఉండదు.

ఈ మొదటి దారి, మీరు ఆ ఇంటికి కొత్తగా పన్ను చెల్లింపుదారు అయిన రోజు నుంచి 6 నెలల వరకే తెరిచి ఉంటుంది. బిల్లు చేతికొచ్చిన తేదీ కాదు, మీ బాధ్యత మొదలైన తేదీ లెక్క. మామూలుగా అది టెనెన్సీ మొదలైన తేదీయే అవుతుంది. బిల్లు మీద ఏ తేదీ నుంచి లెక్కగట్టారో రాసి ఉంటుంది, ఇప్పుడే తీసి చూసుకోండి. వేరే కొన్ని సందర్భాల్లో కూడా ప్రపోజల్ పెట్టొచ్చు. గత 6 నెలల్లో వీఓఏ ఆ ఇంటి బ్యాండ్ మార్చినా, ఇంట్లో కొంత భాగం కూల్చినా, ఒక ఇంటిని ఫ్లాట్లుగా విడగొట్టినా, మీ ఇంటిలాంటి ఇంకో ఇంటి బ్యాండ్‌ని ట్రిబ్యునల్ ఈ మధ్యే మార్చినా ఆ దారి తెరుచుకుంటుంది. మీ విషయంలో అవేవీ లేవు కాబట్టి కొత్త అద్దెదారుగా మీకున్న గడువే మీకు ఆధారం.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఒక ఓనర్ ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటే అతని 6 నెలలు ఎప్పుడో అయిపోయాయి, అతనికి రివ్యూ దారి ఒక్కటే మిగులుతుంది. అద్దె ఇంటికి మాత్రం కొత్త కుటుంబం దిగిన ప్రతిసారీ ఆ కుటుంబానికి కొత్తగా 6 నెలల హక్కు వస్తుంది (అవే ఆధారాల మీద ట్రిబ్యునల్ ఇంతకుముందే తీర్పు చెప్పి ఉంటే తప్ప). అంటే ఈ విషయంలో అద్దెకున్నవాళ్లే ఓనర్ల కంటే మెరుగైన స్థితిలో ఉన్నారు. ఏజెంట్ మాట విని మీరు ఊరుకుంటే పోయేది ఈ అవకాశమే.

ఇప్పుడు అసలు బ్యాండ్ అంటే ఏమిటో చూద్దాం. ఇది తెలియకుండా దరఖాస్తు రాస్తే తిప్పి పంపడం ఖాయం. ఇంగ్లండ్‌లో బ్యాండ్ వేసేది ఇల్లు ఇవాళ ఎంత పలుకుతుందో చూసి కాదు. 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు అమ్మి ఉంటే ఎంత వచ్చి ఉండేదో అంచనా వేసి వేస్తారు. 40,000 పౌండ్ల వరకు ఎ, 52,000 వరకు బి, 68,000 వరకు సి, 88,000 వరకు డి, 1,20,000 వరకు ఇ, 1,60,000 వరకు ఎఫ్, 3,20,000 వరకు జి, ఆ పైన హెచ్. నిన్నగాక మొన్న కట్టిన ఇంటికి కూడా 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదో ఊహించి బ్యాండ్ వేస్తారు. ఆ లెక్క ఇంగ్లండ్‌లో ఇప్పటిదాకా తిరగరాయలేదు.

తప్పులు ఎక్కడినుంచి వచ్చాయో ఇక్కడే తెలుస్తుంది. అంతకుముందున్న, తలకి ఇంత అని వేసే పోల్ టాక్స్ మీద గొడవలు చెలరేగాక దాని స్థానంలో కొత్త పన్ను హడావుడిగా తేవాల్సి వచ్చింది. దేశంలోని ఇళ్లన్నిటికీ తక్కువ సమయంలో విలువ కట్టాలి. ఆ పనిలో కొంత భాగం ప్రైవేటు వాల్యూయర్లకీ ఎస్టేట్ ఏజెంట్లకీ అప్పగించారు. చాలా వీధుల్లో ఎవరూ ఇంటి లోపలికి అడుగుపెట్టలేదు, కారు నెమ్మదిగా పోనిస్తూ బయటినుంచే చూసి బ్యాండ్ రాసుకున్నారు. ఇక్కడివాళ్లు దీన్ని ఇప్పటికీ "సెకండ్ గేర్ వాల్యుయేషన్" అంటారు. గోడ కలిసిన రెండిళ్లకి వేర్వేరు బ్యాండ్లు పడి ముప్పై ఏళ్లుగా అలాగే ఉండిపోవడం వింతేమీ కాదు.

కాబట్టి మీ వాదన ఒక్కటే కావాలి: ఈ ఇంటి 1991 విలువ బ్యాండ్ డి పరిధిలోకి రాదు, సి పరిధిలోకి వస్తుంది, ఇవిగో ఆధారాలు. బిల్లు భారంగా ఉంది, జీతం చాలట్లేదు, చెత్త బిన్లు టైముకి తీయట్లేదు, అద్దె ఇంత పెట్టి మళ్లీ ఇదేంటి, ఇవేవీ రాయొద్దు. బాధ నిజమే, కాదనను. కానీ ఆ ఫారం చదివే మనిషికి వాటి మీద నిర్ణయం తీసుకునే అధికారం లేదు. అలాగే కౌన్సిల్‌కి ఫోన్ చేసి బ్యాండ్ మార్చమని అడిగినా లాభం లేదు. కౌన్సిల్ రేటు నిర్ణయించి వసూలు చేస్తుందే గానీ, బ్యాండ్ వేసేది వీఓఏ.

డబ్బు ఎంత తేడా వస్తుందో తెలిస్తే శ్రమ పడాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు. అన్ని బ్యాండ్లూ డి మీద ఆధారపడి ఉంటాయి. సి అంటే డిలో తొమ్మిదింట ఎనిమిది వంతులు, ఇ అంటే తొమ్మిదింట పదకొండు వంతులు. 2025-26లో ఇంగ్లండ్ సగటు బ్యాండ్ డి బిల్లు 2,280 పౌండ్లు. ఆ లెక్కన డి నుంచి సికి దిగితే ఏడాదికి 253 పౌండ్లు తగ్గుతుంది. ఇ నుంచి డికి దిగేవాళ్లకి 506 పౌండ్ల దాకా మిగులుతుంది. మీ కౌన్సిల్ రేటు పెట్టి మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు ఆధారాలు. ఈ పనిలో బలం అంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి.

ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్.యూకేలో కౌన్సిల్ టాక్స్ బ్యాండ్ చూసే పేజీలో మీ పోస్ట్‌కోడ్ కొడితే ఆ వీధిలోని ఇళ్ల బ్యాండ్లు వరసగా వస్తాయి. పక్కిల్లు ఒక్కటే చూసి ఆగిపోవద్దు. వీధి రెండు వైపులా చూడండి, అదే కాలంలో కట్టిన పక్క వీధులూ చూడండి. మీ ఇంటిలాంటివే, అంటే అదే రకం, దాదాపు అదే సైజు, అదే కాలంలో కట్టినవి, ఏ బ్యాండ్‌లో ఎన్ని ఉన్నాయో రాసుకోండి. సెమీని సెమీతోనే పోల్చాలి. టెర్రస్ ఇల్లు (రెండు వైపులా గోడలు కలిసిన వరస ఇల్లు) పక్కనే ఉన్నా దాని విలువ వేరు.

సైజు ఎలా తెలుస్తుంది? ఈపీసీ చూడండి. ఇల్లు అమ్మినా అద్దెకిచ్చినా ఎనర్జీ సర్టిఫికెట్ ఉండాలి కాబట్టి చాలా ఇళ్లవి ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎవరికైనా ఉచితంగా కనిపిస్తాయి. అందులో మొత్తం ఫ్లోర్ ఏరియా చదరపు మీటర్లలో ఉంటుంది. మీది 84, పక్కింటిది 83, ఎదురింటిది 85 అని వచ్చిందనుకోండి, అంతకంటే శుభ్రమైన ఆధారం దొరకదు. కానీ జాగ్రత్త, ఈపీసీలో ఉండేది లోపలి కొలత. వీఓఏ ఇళ్లని బయటి గోడల నుంచి కొలుస్తుంది, ఫ్లాట్లకైతే వాళ్ల లెక్క లోపలిది. అందుకని ఈపీసీని ఈపీసీతోనే పోల్చండి, వాళ్ల అంకెతో కలపకండి.

అంకెలు సరిపోయాయని సంతోషపడే ముందు ఎక్స్‌టెన్షన్ సంగతి చూసుకోవాలి. ఎక్కువమంది కేసు ఓడిపోయేది ఇక్కడే. ఇంటికి వెనక గది కలిపినా, లాఫ్ట్‌లో, అంటే పైకప్పు కింది ఖాళీలో, బెడ్‌రూమ్ కట్టినా వెంటనే బ్యాండ్ పెరగదు. ఆ ఇల్లు అమ్ముడుపోయాకే, లేదా ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ కాలానికి లీజుకిచ్చాకే పెంచుతారు. మామూలు అద్దె ఒప్పందం ఆ లెక్కలోకి రాదు. దీనివల్ల పైకి చూసి మోసపోయే పరిస్థితులు రెండు ఏర్పడతాయి. మీ ఇల్లు డిలో ఉండటానికి కారణం పాత ఓనర్ కట్టిన ఎక్స్‌టెన్షనే అయ్యుండొచ్చు, మీ ల్యాండ్‌లార్డ్ కొన్నప్పుడు బ్యాండ్ పెరిగి ఉండొచ్చు. లేదా పక్కింటివాళ్లు పెద్దగా కట్టుకుని, ఇల్లు అమ్మకుండా ఉండిపోవడం వల్ల ఇంకా సిలోనే ఉండి ఉండొచ్చు. అలాంటి ఇల్లు మీకు సాక్ష్యంగా పనికిరాదు.

ఇంట్లో ఉంటున్నది మీరే కాబట్టి ఈ పరిశీలన మీకు సులువు. కిచెన్ నుంచి వెనక గదిలోకి వెళ్లేచోట నేల ఎత్తు కొంచెం మారుతోందా? పైకప్పు కింద అడ్డంగా ఒక మందపాటి బీమ్ వచ్చిందా? ఒకప్పటి బయటి గోడ అక్కడే ఉండేదని అర్థం. బయటికెళ్లి పక్కగోడ చూడండి, ఇటుక రంగు ఒకచోట హఠాత్తుగా మారుతుంది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ప్లానింగ్ రికార్డులు కూడా చూడొచ్చు, మీ అడ్రస్ కొడితే పాత అనుమతులుంటే వస్తాయి. చిన్న ఎక్స్‌టెన్షన్లకి ఒక్కోసారి అనుమతి అక్కర్లేదు కాబట్టి రికార్డు లేనంత మాత్రాన కట్టలేదనుకోకండి.

ల్యాండ్‌లార్డ్ ఆ ఇల్లు ఎప్పుడు కొన్నాడో ల్యాండ్ రిజిస్ట్రీ అమ్మకాల ధరల జాబితాలో దొరుకుతుంది. 1995 నుంచి జరిగిన అమ్మకాలు అందులో ఉంటాయి. ఇదే జాబితా మీ రెండో పరీక్షకి పనికొస్తుంది. మీ ఇల్లు గానీ, అచ్చం అలాంటి ఇంకో ఇల్లు గానీ తొంభైల్లో ఎంతకి అమ్ముడైందో పట్టుకుని, ఇళ్ల ధరల సూచీ పెట్టి దాన్ని 1991కి వెనక్కి లెక్కగట్టండి. ఇంటి రుణాలిచ్చే నేషన్‌వైడ్ సంస్థ వాళ్ల కాలిక్యులేటర్ ఇందుకు బాగుంటుంది. 60,000 దగ్గర వస్తే మీ అనుమానానికి బలం ఉన్నట్టు. 85,000 వస్తే పక్కిల్లు సిలో ఉన్నా సరే ఆగి ఆలోచించాలి. 67,000, 69,000 దగ్గర తచ్చాడుతుంటే ఈ పరీక్ష ఏదీ తేల్చలేదనే అర్థం, పక్కిళ్ల ఆధారం మీదే ఆధారపడాలి.

ఈ లెక్క మీ కోసం మాత్రమే. దీన్ని దరఖాస్తులో పెట్టకండి. సూచీల మీద, ఇళ్ల వెబ్‌సైట్లలోని సగటు ధరల మీద వేసిన అంచనాలని వీఓఏ ఆధారంగా ఒప్పుకోదు. ధరలే చూపించాలంటే 1989 ఏప్రిల్ 1 నుంచి 1993 మార్చి 31 మధ్య నిజంగా జరిగిన అమ్మకాలు కావాలి. అవి దొరకడం కష్టం. ఆ వీధిలో అప్పటినుంచి ఉంటున్న పెద్దవాళ్లు ఎవరైనా తాము ఎంతకి కొన్నారో చెప్పి, పాత కాగితం చూపిస్తే అదృష్టమే. లేకపోతే పక్కిళ్లే మీ బలం. ఫారంలో అలాంటివి ఐదు ఇళ్ల వరకు ఇవ్వొచ్చు. బలహీనమైన ఐదు కంటే అచ్చంగా సరిపోయే మూడు మేలు.

ఇప్పుడు నేను ఎవరికైనా గట్టిగా చెప్పే మాట. ఈ సవాలులో బ్యాండ్ తగ్గొచ్చు, అలాగే ఉండొచ్చు, పెరగొచ్చు కూడా. అంతే కాదు, మీ దరఖాస్తు చూస్తూ మీరు చూపించిన పక్కింటి బ్యాండే తప్పని వాళ్లకి తోస్తే దాన్ని పెంచొచ్చు. అందుకని మీ జాబితా ఒక్కసారి నిదానంగా చూడండి. మీలాంటి పది ఇళ్లలో ఎనిమిది సిలో ఉండి మీరొక్కరే డిలో ఉంటే ధైర్యంగా వెళ్లండి. దానికి తలకిందులుగా, వీధంతా డిలో ఉండి ఆ పక్కిల్లు ఒక్కటే సిలో ఉంటే తప్పు మీ ఇంటిది కాదు, వాళ్లది. అప్పుడు మీరు దరఖాస్తు పెడితే మీకు రూపాయి రాదు, పక్కింటివాళ్ల బిల్లు పెరుగుతుంది. ఆ ఇంట్లో పెన్షన్ మీద బతికే ముసలావిడ ఉండొచ్చు. అద్దె ఒప్పందం అయిపోయాక మీరు వెళ్లిపోతారు, ఆ పెరిగిన బిల్లు ఆవిడ దగ్గరే ఉండిపోతుంది. మీరు పక్కిల్లు ఒక్కటే చూశానని రాశారు. మిగతా వీధి చూడకుండా ఫారం ముట్టుకోవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. గవ్.యూకే జాబితాలో మీ ఇంటి వివరాల్లో "ఇంప్రూవ్‌మెంట్ ఇండికేటర్" ఉందేమో చూడండి. ఉంటే ఆ ఇంటిని పెద్దది చేశారనీ, అమ్మకం జరిగాక బ్యాండ్ పెరగొచ్చనీ సూచన. అమ్మకం ఇప్పటికే జరిగి, వీఓఏ ఇంకా దాని దగ్గరికి రాకపోతే, మీ దరఖాస్తే వాళ్లని అక్కడికి తీసుకొస్తుంది.

అన్నీ చూశాక మీ కేసు బాగుందనిపిస్తే గవ్.యూకేలోనే ఆన్‌లైన్‌లో పెట్టేయండి. ఫీజు లేదు. వీధి చివర కరపత్రాలు పంచుతూ, ఫోన్లు చేస్తూ "మేం తగ్గిస్తాం, వచ్చిన దాంట్లో వాటా ఇవ్వండి" అనే కంపెనీలు చేసేదీ ఈ ఫారం నింపడమే. ఆ డబ్బు దండగ. కౌన్సిల్ టాక్స్ బిల్లు, టెనెన్సీ అగ్రిమెంట్ దగ్గర పెట్టుకోండి. అడిగినచోట మీరు ఆ ఇంటికి కొత్త చెల్లింపుదారు అని, ఏ తేదీ నుంచో స్పష్టంగా రాయండి, అది ప్రపోజల్‌గా లెక్కలోకి రావడానికి ఆ తేదీయే కీలకం. తర్వాత ఇళ్ల అడ్రసులు, ఒక్కోదానికి రకం, బెడ్‌రూములు, ఈపీసీ ఏరియా, ప్రస్తుత బ్యాండ్, ఎక్స్‌టెన్షన్ ఉందో లేదో. ఒక్కో ఇంటికి రెండు వాక్యాలు చాలు. గడువు చివరి రోజు దాకా ఆగకండి. ఏదో వివరం తక్కువైందని తిప్పి పంపితే సరిచేసి మళ్లీ పంపడానికి కనీసం మూడు వారాలు చేతిలో ఉండాలి.

దరఖాస్తు నడుస్తున్నంతకాలం బిల్లు పూర్తిగా, పాత బ్యాండ్ ప్రకారమే కట్టాలి. "కేసు తేలేదాకా ఆపుదాం" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వాయిదా తప్పితే రిమైండర్, ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు సమన్లు, లయబిలిటీ ఆర్డర్ (బకాయి వసూలుకి కోర్టు ఇచ్చే ఉత్తర్వు), వాటి ఖర్చులు మీ మీదే. బ్యాండ్ సవాలు నడుస్తోందని చెప్పినా అది సాకుగా పనిచేయదు.

ప్రపోజల్ మీద వీఓఏ 4 నెలల్లో నిర్ణయం చెప్పాలి. కాదంటే ఆ లేఖ తేదీ నుంచి 3 నెలల్లో ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ట్రిబ్యునల్ పేరు వినగానే భయపడతారు, అవసరం లేదు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఓడిపోయినా మామూలుగా అవతలివాళ్ల ఖర్చు మీ మీద పడదు. ఇద్దరు ముగ్గురు సభ్యులుంటారు, మీ ఆధారాలు మీరు చెప్తారు, వీఓఏ మనిషి తనవి చెప్తాడు. పాత తీర్పులు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీ ఊరివి రెండు మూడు చదివితే ఏ వాదన నిలబడుతుందో, ఏది పడిపోతుందో తెలిసిపోతుంది.

బ్యాండ్ తగ్గితే మీరు ఇంట్లోకి దిగిన రోజు నుంచి ఎక్కువ కట్టినదంతా కౌన్సిల్ మీకు సర్దుతుంది. మామూలుగా తర్వాతి బిల్లులో తగ్గిస్తారు, ఖాతాలో వేయమని అడగొచ్చు కూడా. మీకంటే ముందు అక్కడ ఉన్నవాళ్లు తాము కట్టినకాలానికి వాళ్లు అడుగుతారు. ల్యాండ్‌లార్డ్‌కి కూడా ఇందులో లాభం ఉంది. ఇద్దరు అద్దెదారుల మధ్య ఇల్లు ఖాళీగా ఉన్న రోజులకి పన్ను కట్టింది అతనే, ఆ ఎక్కువా తిరిగొస్తుంది. రేపు ఇల్లు అద్దెకి పెట్టినప్పుడు "బ్యాండ్ సి" అని రాసుకోవచ్చు. అతనికి ఒక మర్యాదపూర్వకమైన మెయిల్ రాసి ఈ సంగతి చెప్పండి. అనుమతి అడిగినట్టు కాదు, తెలియజేస్తున్నట్టు. పనిలో పనిగా, ఇంటికి ఎక్స్‌టెన్షన్ ఎప్పుడైనా కట్టారా, కొన్నప్పటి ఫ్లోర్ ప్లాన్ ఉందా అని అడగండి. నాకు తెలిసినంతలో ల్యాండ్‌లార్డ్‌లు వద్దనేది బ్యాండ్ పెరుగుతుందేమోనన్న భయంతోనే. మీ జాబితా చూపిస్తే చాలామంది మెత్తబడతారు.

మీవారి వీసా భయం గురించి. బ్యాండ్ సవాలు చేయడమంటే పన్ను సరిగ్గా లెక్కగట్టమని అడగడమే, అది ప్రభుత్వ సాయం కాదు. ఒంటరిగా ఉండేవాళ్లకి వచ్చే 25 శాతం డిస్కౌంట్ కూడా అంతే, ధైర్యంగా తీసుకోవచ్చు. జాగ్రత్తగా ఉండాల్సింది "కౌన్సిల్ టాక్స్ రిడక్షన్" అనేదానితో. ఆదాయం తక్కువగా ఉన్నవాళ్లకి ఇచ్చే ఆ సాయాన్ని ఇమిగ్రేషన్ రూల్స్ పబ్లిక్ ఫండ్స్‌లో, అంటే ప్రభుత్వ సాయాల్లో, లెక్కిస్తాయి. "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ఆ సాయాలు తీసుకోకూడదు) అని రాసి ఉన్న వీసా మీద ఉన్నవాళ్లు దానికి దరఖాస్తు పెట్టకూడదు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో డిస్కౌంట్, రిడక్షన్ లింకులు పక్కపక్కనే ఉంటాయి, కంగారులో ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతారు. పేరు పూర్తిగా చదివి నొక్కండి.

ఈ సందర్భంలోనే చదువుకుంటున్నవాళ్ల కోసం ఒక మాట. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లంతా ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఆ ఇంటికి కౌన్సిల్ టాక్స్ పూర్తిగా మినహాయింపు. విద్యార్థి భార్య గానీ భర్త గానీ బ్రిటిష్ పౌరులు కాకుండా, వీసా షరతుల వల్ల బెనిఫిట్లు తీసుకునే వీలు లేకపోతే వాళ్లనీ లెక్కలోంచి తీసేస్తారు. ఈ రూలు కొందరు కౌన్సిల్ సిబ్బందికే తెలియదు. భార్య ఉద్యోగం చేస్తోంది కాబట్టి బిల్లు కట్టాల్సిందేనని చెప్పి పంపేస్తే, వీసా కాపీ జతచేసి లిఖితపూర్వకంగా మళ్లీ అడగండి. కోర్సు పూర్తయి గ్రాడ్యుయేట్ వీసాలోకి వచ్చాక మాత్రం ఈ మినహాయింపు ఉండదు.

ఇదంతా ఇంగ్లండ్‌కి వర్తిస్తుంది. కార్డిఫ్‌లోనో స్వాన్సీలోనో ఉన్నవాళ్లకి వేల్స్ లెక్క 2003 ఏప్రిల్ 1 విలువల మీద, ఎ నుంచి ఐ వరకు తొమ్మిది బ్యాండ్లు. స్కాట్లండ్‌లో ఈ పని చేసేది వీఓఏ కాదు, అక్కడి అసెసర్లు. నార్తర్న్ ఐర్లండ్‌లో అసలు కౌన్సిల్ టాక్స్ లేదు, రేట్స్ పద్ధతి నడుస్తుంది.

మీరు ఈ వారంలో చేయాల్సింది రెండే. బిల్లు మీద బాధ్యత మొదలైన తేదీ చూసి దానికి 6 నెలలు కలిపి క్యాలెండర్‌లో రాసుకోవడం, వీధి మొత్తం బ్యాండ్లు, ఈపీసీ ఏరియాలు ఒక కాగితం మీదికి తెచ్చుకోవడం. ఇంటి నంబర్లు, అడ్రస్ తీసేసి ఆ పట్టిక ఇక్కడ పెట్టండి. ఏ మూడు ఇళ్లు మీ దరఖాస్తులో పెట్టాలో, లేదా అసలు పెట్టకుండా ఉండటమే మేలో, చూసి చెప్తాను.